దొంగ ఒంటి మీద గాజు కవచం

అడవి దారిలో బందిపోటు అడ్డం వస్తాడు. వంద నాణేలిస్తావా, ప్రాణమిస్తావా అంటాడు. విచిత్రమేమిటంటే అతడు తొడుక్కున్నది గాజు కవచం. దాన్ని అమ్ముకుంటే వేల నాణేలొస్తాయి. అలాంటివాడికి వంద కోసం దారి కాయాల్సిన ఖర్మేమిటి? అమెరికా సంస్థ బెథెస్డా 2006 మార్చిలో విడుదల చేసిన 'ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్' వీడియో గేమ్‌లో కొన్నాళ్లు తిరిగిన వారందరికీ వచ్చిన సందేహమే ఇది.

ఆటగాడి స్థాయి పెరిగే కొద్దీ ఆ లోకమంతా అతడితోపాటు పెరుగుతుంది. తొలినాళ్లలో తోడేళ్లు తిరిగిన చోట తర్వాత ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఎప్పుడైనా, ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ ఇవ్వడానికే ఈ ఏర్పాటు. కానీ ఎక్కడికెళ్లినా ఒకటే అయితే ఆ స్వేచ్ఛకు రుచేముంటుంది? పైగా బేరాలాడడంలో, మాటకారితనంలో ఆరితేరి స్థాయి పెంచుకున్నవాడు కత్తి దూసేసరికి శత్రువు అతడి కన్నా బలిసి ఉంటాడు. అంటే ఎదగడమే నష్టం. నిద్రపోతేనే స్థాయి పెరుగుతుంది కనుక కొందరు కాగితం మీద లెక్కలు వేసుకుని మరీ ఆచితూచి పడుకునేవారు. సాహసయాత్రకు బయల్దేరిన వీరుడు చివరికి గుమాస్తా అయ్యాడు.

మరమ్మతుకు దిగింది ఆటగాళ్లే. గేమ్‌ను మార్చుకునే పనిముట్టు 'కన్‌స్ట్రక్షన్ సెట్'ను బెథెస్డా ఉచితంగానే ఇచ్చింది. దాంతో తయారైన మార్పులే మోడ్‌లు. 'ఆస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్' అనే మోడ్ చాలాచోట్ల శత్రువుల బలాన్ని, దొరికే సొత్తును ముందే ఖాయం చేసింది. తొందరపడి తప్పు గుహలో అడుగుపెడితే చావే. పారిపోయి, బలం పుంజుకుని, మళ్లీ వచ్చి అదే రాక్షసుణ్ని కూల్చినప్పుడు కలిగే తృప్తి అసలు గేమ్‌లో లేనిది. ఇక 'అన్అఫీషియల్ ఆబ్లివియన్ ప్యాచ్' సరిదిద్దిన తప్పులు వెయ్యికి పైనే.

అయితే మోడ్ ఒకటితో ఆగదు. రెండు మోడ్‌లు ఒకే అంశాన్ని మారిస్తే ఆఖరున లోడయినదే చెల్లుతుంది. ఏది ముందు, ఏది వెనుక అని సర్దుకోవడంలోనే సాయంత్రాలు గడిచిపోతాయి. ఏ గుహలో ఏముందో పనిముట్టు తెరిచి చూసినవాడికి ఆ గుహలో భయమూ మిగలదు. గేమ్ బాగుపడుతుంది, ఆట పోతుంది.

అంకెలు మార్చినంత సులువుగా మనుషుల్ని మార్చలేరు. ఆబ్లివియన్‌లో ఊరి జనమంతా కొద్దిమంది నటుల గొంతులతోనే మాట్లాడతారు. బిచ్చగాడి గొంతు ఒకే సంభాషణలో రెండు రకాలుగా వినిపిస్తుంది. దీన్ని బాగుచేయాలంటే కొత్త కథ, కొత్త గొంతులు కావాలి. జర్మనీకి చెందిన ష్యూర్ఏఐ బృందం ఆ పనే చేసింది. 2010లో ఇచ్చిన 'నెహ్రిమ్'లో బెథెస్డా లోకాన్ని పక్కన పెట్టేసి, అదే ఇంజిన్ మీద సొంత దేశం, సొంత కథ, సొంత గొంతులు నిర్మించింది. శత్రువులు ఆటగాడితోపాటు పెరగరు. కానీ దాన్ని మరమ్మతు అనగలమా? పునాది ఉంచి ఇల్లంతా కొత్తగా కట్టడమది. అదీ ఉచితంగా.

ఈ చాకిరీకి వెలకట్టే ప్రయత్నమూ జరిగింది. 2015 ఏప్రిల్‌లో ఇదే వరసలోని 'స్కైరిమ్' మోడ్‌లను స్టీమ్‌లో అమ్మకానికి పెట్టారు. ధరలో తయారీదారుకు దక్కేది 25 శాతమే, మిగతాది సంస్థలకు. ఆటగాళ్లు మండిపడడంతో నాలుగు రోజుల్లోనే ఎత్తేశారు.

2025 ఏప్రిల్‌లో ఆబ్లివియన్ కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. స్థాయి పెంచుకునే పద్ధతి మార్చారు. కాగితం లెక్కల బాధ తప్పింది. పందొమ్మిదేళ్లకు! బందిపోటు మాత్రం ఇంకా ఆటగాడితోపాటే ఎదుగుతున్నాడు. మోడ్‌లకు అధికారికంగా మద్దతు లేదన్నారు. అయినా కొద్ది వారాల్లోనే అతణ్ని అదుపులో పెట్టే మోడ్‌లు వచ్చేశాయి.