325 కిలోమీటర్ల చికిత్స

టికెట్ ఉచితమే. అయినా పల్లె రోగికి ఆస్పత్రి దూరమే

పంజాబ్‌లోని భటిండా పెద్ద జంక్షన్. ఢిల్లీకి, ఫిరోజ్‌పూర్‌కు, అంబాలాకు, రాజస్థాన్‌కు రైలు దారులు చీలిపోయేది ఇక్కడే. కానీ ఈ స్టేషన్‌ను దేశమంతటికీ తెలిసేలా చేసింది మాత్రం ఓ సాదాసీదా ప్యాసింజరు బండి. అబోహర్ నుంచి జోధ్‌పూర్ వెళ్లే ఆ రైలు 2000 దశకంలోనూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ రాత్రి తొమ్మిది దాటాక భటిండా నుంచి కదిలేది. జనం దానికి పెట్టిన పేరు ‘క్యాన్సర్ రైలు’.

దుప్పట్లు, రొట్టెల మూటలు, ప్లాస్టిక్ సంచుల్లో భద్రంగా చుట్టిన స్కాన్ కాగితాలు. ప్లాట్‌ఫారం మీద రోగులను గుర్తుపట్టడానికి అవి చాలు. బండి డబ్‌వాలీ, హనుమాన్‌గఢ్, సూరత్‌గఢ్ మీదుగా పత్తి చేలు దాటి ఎడారిలోకి దిగుతుంది. సుమారు 325 కిలోమీటర్ల తర్వాత తెల్లవారేసరికి బికనీర్. అక్కడి ఆచార్య తులసీ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ప్రభుత్వానిది. చికిత్స చవక. తలదాచుకోను ధర్మశాలలున్నాయి. ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు కట్టలేని మాల్వా రైతు పక్క రాష్ట్రానికి రైలెక్కడానికి కారణం ఇదే.

సట్లెజ్‌కు దక్షిణాన ఉన్న మాల్వా పంజాబ్ పత్తి నేల. ఇక్కడి జబ్బుకు పురుగు మందులు కారణమని కొందరు, భూగర్భ జలాల్లోని యురేనియం, ఇతర లోహాలు కారణమని మరికొందరు అంటారు. ఏ ఒక్కటీ తిరుగులేకుండా రుజువు కాలేదు. రోగికి ఆ చర్చకన్నా ముందు తేలాల్సింది ప్రయాణం సంగతి.

ఎందుకంటే క్యాన్సర్ చికిత్స ఒక్క ప్రయాణంతో ముగియదు. రేడియేషన్ అంటే చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు. కీమోథెరపీ తరచూ మూడు వారాలకోసారి. మధ్యలో మానేస్తే చేసిన చికిత్స ఫలితమే దెబ్బతింటుంది.

రైల్వే చేస్తున్న సాయం చిన్నదేమీ కాదు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, ఏసీ త్రీటైర్‌లలో చార్జీ ఉండదు. తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. 2020లో వృద్ధుల రాయితీని ఎత్తేసినప్పుడు కూడా దీన్ని ముట్టుకోలేదు. అయితే దానికి కావాల్సిన ధ్రువపత్రం ఇచ్చేది ఆస్పత్రే. అంటే జబ్బేదో తేలని తొలి ప్రయాణానికి జేబులోంచి పెట్టుకోవాల్సిందే. ఊరి నుంచి స్టేషన్‌దాకా జీపుకు, దిగాక ఆటోకు, తోడొచ్చిన మనిషి పోగొట్టుకునే కూలికి ఏ రాయితీ వర్తించదు.

తెలుగు జిల్లాల్లోనూ లెక్క ఇదే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రైలుంది, రాయితీ ఉంది. కానీ ఉట్నూరు ఏజెన్సీ గూడెంలోని రోగి ముందు ఆదిలాబాద్ చేరాలి. ఉట్నూరుకు రైలే లేదు. కీమో ఎక్కించుకుని వాంతులతో తిరిగొచ్చే మనిషికి ఆ చివరి మజిలీయే అన్నిటికన్నా పొడవు.

దూరం తగ్గించడానికి పంజాబ్‌లో ప్రయత్నాలు జరిగాయి. 2011లో మొదలైన ముఖ్యమంత్రి సహాయ నిధి ఒక్కో రోగి చికిత్సకు లక్షన్నర రూపాయల దాకా ఇచ్చేలా రూపొందింది. సంగ్రూర్‌లో టాటా మెమోరియల్ సంస్థ ఆస్పత్రి వచ్చింది. భటిండాలోనే ప్రభుత్వ క్యాన్సర్ కేంద్రం, ఎయిమ్స్ వెలిశాయి. 2022 ఆగస్టులో చండీగఢ్ పక్కన ముల్లన్‌పూర్‌లో 300 పడకల హోమీ భాభా ఆస్పత్రి ప్రారంభమైంది.

ఆస్పత్రి కట్టడానికి ఏళ్లు పడుతుంది. మండల కేంద్రం నుంచి వారానికి ఐదు రోజులు ఓ వ్యాన్ నడపడానికి అంత కాలం అక్కర్లేదు. వైద్యం ఖర్చును లెక్కగట్టే పథకాలు ప్రయాణాన్ని కూడా వైద్యంలో భాగంగానే చూడాలి. మాల్వా రైతులు ఆ బండికి పెట్టిన పేరు చెప్పేది అదే.