కనబడని అక్షరం

సాఫ్టువేరును పరీక్షించడం నా వృత్తి. "అంటే ఏం చేస్తావురా?" అని మా మామయ్య అడిగినప్పుడల్లా, "వేరేవాళ్ళు కట్టిన ఇంటి తలుపులు తన్ని చూస్తాను మామయ్యా" అంటాను. ఆ తన్నడానికీ ఒక శాస్త్రం ఉంది.

వయసు గడిలో 0, 120, 121 వేసి హద్దులు చూస్తాం. అంకెలుండవలసిన చోట అక్షరాలు పెడతాం. పేరు గడిలో డేటాబేసు ఆజ్ఞలు దూర్చి, దొంగకు దారి దొరుకుతుందేమో చూస్తాం. ఇవి ఆలోచించి చేసే పరీక్షలు. ఆలోచించకుండా చేసేవీ ఉన్నాయి. 1988లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బార్టన్ మిల్లర్ ఒక తుఫాను రాత్రి ఫోను లైను మీదుగా కంప్యూటరుతో పనిచేస్తుండగా, లైనులో రొద చేరి, అర్థంలేని అక్షరాలు వచ్చిపడి, యూనిక్స్ ప్రోగ్రాములు కూలిపోయాయి. ఆయన దాన్నే ఒక పద్ధతిగా మలచి, విద్యార్థుల చేత పిచ్చి అక్షరాలు కుమ్మరింపజేస్తే, పరీక్షించిన ప్రోగ్రాముల్లో దాదాపు నాలుగో వంతు కూలడమో, కదలకుండా నిలిచిపోవడమో జరిగింది. దానికే 'ఫజింగ్' అని పేరు.

2018 ఫిబ్రవరిలో మన అక్షరమే ఒకటి ఐఫోన్లను పడగొట్టింది. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర ఆకారం. ఆ వరుసను తెరపై చూపబోయిన యాప్ కూలిపోయేది. ఆ నెల 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. అది మెమరీని చెడగొట్టే లోపం గనుక భద్రతా లోపాల పట్టికలోనూ చేరింది.

ఆ వార్తకు అందరితోపాటు నేనూ నవ్వుకున్నాను. తరువాత నా పరీక్షల జాబితా తెరిచి చూసుకున్నాను. అందులో ఒక్క తెలుగు పేరూ లేదు!

అప్పట్లో మేము ఆసుపత్రులలో రోగుల వివరాలు నమోదు చేసే సాఫ్టువేరు తయారుచేస్తున్నాం. 'సుధాకర్‌' అని నమోదు చేసి, పెన్సిలిన్ పడదని రాశాను. మళ్ళీ 'సుధాకర్' అని వెదికాను. అలాంటి రోగి లేడంది. మొదటి పేరు చివరి పొల్లు పక్కన ఆ కనబడని అక్షరం ఉంది, రెండోదానికి లేదు. చూడడానికి రెండూ ఒకటే. గుమాస్తా కొత్తగా నమోదు చేసుకుంటాడు. కొత్త కాగితంలో పెన్సిలిన్ మాట ఉండదు.

ఏదీ కూలలేదు. అందుకే ఎన్ని పిచ్చి అక్షరాలు కుమ్మరించినా ఈ లోపం ఫజింగుకు దొరికేది కాదు. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని తెలిసినవాళ్ళే దీన్ని పట్టుకోగలరు.

మా మేనేజరుగారికి చూపిస్తే, "అలా ఎవరు టైపు చేస్తారండీ?" అన్నారు.

"నేనేనండీ, పదేళ్ళుగా" అన్నాను.

నిజమే. పొల్లు పక్క అక్షరంతో కలవకుండా ఆ మీట నొక్కడం నాకు అలవాటు. ఎవరెవరు ఏ తప్పు చేస్తారోనని ఊహించడానికి జీతం తీసుకునే నేను, నన్నే ఊహించలేదు.

పేర్లను పోల్చేముందు ఆఖరి పొల్లు పక్కనున్న ఆ అక్షరాన్ని తీసివేసేలా మార్చారు. ఇద్దరు సుధాకర్‌లూ జాబితాలో చేరారు. ప్రతి విడుదలకు ముందు వాళ్ళిద్దరూ ఒక్కరేనని యంత్రం చేత ఒప్పిస్తాను.

మీ పేరు పొల్లుతో ముగుస్తుందా? అయితే ఎక్కడైనా తెలుగులో నమోదు చేసుకున్నాక, ఒకసారి రెండు విధాలా వెదికి చూసుకోండి.