వేషాల తిరనాళ్ళ: హైదరాబాద్ నుంచి ఇంటికి ఉత్తరాలు

వనస్థలిపురం, హైదరాబాద్
2025 అక్టోబర్ 31, శుక్రవారం రాత్రి

అమ్మా,

చీకటి పడేలోపే పిన్ని వాళ్ళింటికి చేరాను. ఫోన్‌లో నువ్వు బస్సు సంగతి, భోజనం సంగతి అడిగి పెట్టేశావు. మిగతా కబుర్లు ఇలా రాస్తున్నా. తాతయ్యకు కూడా చదివి వినిపించు.

సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళ దాకా కిటికీలోంచి చేలనే చూస్తూ వచ్చాను. మొంథా తుఫాను మొన్న 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటినా, ఆ వాన నీళ్ళు మన నల్లరేగడిలో ఇంకా నిలబడే ఉన్నాయి. విచ్చిన పత్తికాయలు తడిసి ముద్దయ్యాయి. మిరప చేలల్లో మనుషులు పారలు పట్టి కాలవలు తీస్తున్నారు. మొదటి తీత పత్తి ఇంటికి రావాల్సిన రోజులివి. తేమ 12 శాతం దాటితే సీసీఐ వాళ్ళు కొనరు. అప్పుడు క్వింటాకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్నా మనకు అందదు. ఇలాంటి వారంలో “నువ్వు వెళ్ళిరామ్మా, నీళ్ళ సంగతి మేం చూసుకుంటాం” అని నాన్న అన్నాడు. ఆ మాట నేను మర్చిపోను. తోటలో నీళ్ళు లాగాయో లేదో రేపు చెప్పు.

దాచేపల్లి దాటి పొందుగల దగ్గర వంతెన ఎక్కితే కింద కృష్ణ నిండుగా పోతోంది. అవతలి ఒడ్డు వాడపల్లి. హైదరాబాద్ నడుమ నుంచి వచ్చే మూసీ అక్కడే కృష్ణలో కలుస్తుంది. నేను ఆ నీళ్ళకు ఎదురు వెళ్తున్నానన్నమాట. మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా ఎల్బీనగర్‌లో దిగాను.

పెట్టె విప్పగానే పిన్ని నీ కుట్టు చూసి ఎంతసేపు పట్టుకుని కూర్చుందో! అంగడిలో దొరికే తంజిరో అంగీలకు గళ్ళు అచ్చువేసి ఉంటాయి. నువ్వేమో చీరాల నేత బట్టలో ఆకుపచ్చా నలుపూ విడివిడిగా ముక్కలు కత్తిరించి, ఒక్కో గడీ కలిపి కుట్టావు. రాత్రిళ్ళు మిషను దగ్గర కూర్చుని “ఎవరీ అబ్బాయి?” అని అడిగావు గదా, నిద్ర మత్తులో సరిగ్గా చెప్పలేదు. తంజిరో ఒక జపాన్ బొమ్మల కథలో బొగ్గులమ్మి బతికే ఇంటి పెద్దకొడుకు. రాక్షసుడు ఇంటిల్లిపాదినీ చంపేస్తాడు. బతికిన ఒక్క చెల్లెలు నెజుకో కూడా రాక్షసిగా మారిపోతుంది. ఆ పిల్లను చెక్కపెట్టెలో పెట్టి వీపున మోసుకుంటూ, మళ్ళీ మనిషిని చేసే దారి వెతుక్కుంటూ వెళ్తాడు. తను చంపిన రాక్షసుల కోసం కూడా కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అందుకే ఇన్ని పాత్రల్లో నేను అతన్ని ఎంచుకున్నాను.

రేపు పొద్దున్నే కామిక్ కాన్‌కు బయల్దేరాలి. ఉంటా.

నీ కూతురు


వనస్థలిపురం
నవంబర్ 1, శనివారం రాత్రి

ఒరే తమ్ముడూ,

నువ్వు రాలేదని ఈరోజు ఎన్నిసార్లు అనుకున్నానో! పరీక్షలైపోనీ, వచ్చే ఏడు ఇద్దరం వద్దాం.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగాను. అక్కడినుంచి ఆటో. అంగీ వేసుకునే ఉన్నా, కత్తి మాత్రం సంచిలో పెట్టుకున్నా. మెట్రోలో వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చున్న పాప నన్ను చూసి “తంజిరో!” అని పిలిచింది. అప్పటిదాకా ఉన్న బిడియం అక్కడికక్కడే పోయింది.

హైటెక్స్ గేటు దగ్గర సామాను చూసి పంపుతారు. లోహంతో చేసినవి, పదునున్నవి లోపలికి రానివ్వరు. మనం ఫోమ్ షీటు కోసి నల్లరంగు వేసిన కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి ఇచ్చేశారు. లోపలికి వెళ్తే కోటప్పకొండ తిరనాళ్ళే. నడవడానికి సందు లేదు. నరూటోలు, లూఫీలు, వెదురుముక్క నోట పెట్టుకున్న నెజుకోలు. ఒక నెజుకో నన్ను చూడగానే పరుగున వచ్చి పక్కన నిలబడింది. ఆ అమ్మాయిది వరంగల్, నాది సత్తెనపల్లి. పూటంతా అన్నాచెల్లెళ్ళమై తిరిగాం.

నీకు నచ్చే సంగతి ఇంకోటి ఉంది. ఇక్కడ ఎవరి వేషం బాగుంటే వాళ్ళను ఆపి, అడిగి, సరేనంటేనే ఫొటో తీసుకోవాలి. వేషం వేసుకున్నంత మాత్రాన ఒంటిమీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ రాదు. ఒకళ్ళిద్దరు తప్ప అందరూ అలాగే నడుచుకున్నారు. ఆడపిల్లలు ధైర్యంగా తిరిగారంటే దానివల్లే. నువ్వు వచ్చినప్పుడు ఈ మాట ముందు గుర్తుపెట్టుకో.

చిత్రకారులకు వరసగా బల్లలు వేశారు. వాళ్ళే రాసి, వాళ్ళే బొమ్మలు గీసి, వాళ్ళే అచ్చువేయించిన కామిక్స్ వాళ్ళ చేతుల మీదుగా కొనుక్కోవచ్చు. జనం ఎక్కువ ఎగబడేది బొమ్మలూ టీషర్టులూ అమ్మే అంగళ్ళ మీద. నేను మాత్రం ఎక్కువసేపు ఈ బల్లల దగ్గరే ఉన్నాను. ఒకాయన ఒక పేజీ పెన్సిల్ దశ నుంచి రంగుల దాకా ఎలా వస్తుందో నాకు ఓపిగ్గా చూపించాడు. నీ నోట్‌బుక్కుల వెనక ఉన్న బొమ్మలన్నీ గుర్తొచ్చాయి. ఇది మనవాళ్ళకు కొత్త విద్యేం కాదురా. 1947లో నాగిరెడ్డితో కలిసి చందమామ మొదలుపెట్టిన చక్రపాణిది మన తెనాలి ఐతానగరమే. బొమ్మల కథలతో దేశంలో ఎన్నో భాషల పిల్లల్ని కూర్చోబెట్టి చదివించిన మనిషి. నువ్వు గీయడం మానకు. నీకోసం కాగితాలూ సిరా పెన్నులూ కొన్నాను.

కామిక్ కాన్ మన దేశంలో 2011లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్‌కు 2013లో వచ్చింది. అప్పట్లో జపాన్ అనిమే అంటే టీవీలో వచ్చినంతే మనవాళ్ళకు తెలుసు. ఈ సెప్టెంబర్‌లో తంజిరో సినిమా ఇన్ఫినిటీ కాజిల్ థియేటర్లలోకి తెలుగులోనే వచ్చింది గదా. గుంటూరులో హాలంతా నిలబడి అరిచాం. ఆ అరిచినవాళ్ళందరూ ఇవాళ వేషాలు కట్టుకుని ఒకేచోట చేరినట్టు అనిపించింది.

అక్క


వనస్థలిపురం
నవంబర్ 2, ఆదివారం రాత్రి

తాతయ్యా,

ఈ ఉత్తరం నీకు. అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదువు.

నేను వచ్చేటప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నకు ఇవాళ జవాబు దొరికింది. “పాట లేదు, పద్యం లేదు, మరి వేషం కట్టి ఏం చేస్తారే?” అన్నావు. ఇక్కడ వేదిక ఉంది తాతయ్యా. పోటీ ఉంది. కామిక్స్, యానిమేషన్, అనిమే, సైన్స్ ఫిక్షన్, గేములు అని విభాగాలు చేసి, ఒక్కొక్కరినే పిలుస్తారు. ఉన్న కాసేపట్లో ఆ పాత్ర నడక నడవాలి, ఆ పాత్ర చూపు చూడాలి. న్యాయనిర్ణేతలు కుట్టు చూస్తారు, ఏ భాగం సొంతంగా చేశారో అడుగుతారు. ఒకబ్బాయి ఒంటినిండా కవచం వేసుకొచ్చాడు. చూస్తే ఇనుమే అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి అడిగితే అంతా ఫోమ్ షీటు. వేడిగాలితో వంచి, జిగురుతో అతికించి, నెలల తరబడి రాత్రిళ్ళు కూర్చుని చేశాడట. గద పట్టుకుని హనుమంతుడు వస్తే హాలు దద్దరిల్లింది. కృష్ణ రాయబారంలో నీ పద్యానికి వన్స్‌మోర్ కొట్టే జనం ఎలా ఊగిపోయేవారో అమ్మ చెబుతుంది గదా, ఇక్కడివాళ్ళూ అలాగే ఊగిపోయారు.

నువ్వు కిరీటం పెట్టుకున్నాక మళ్ళీ తీసేదాకా ఎవరితోనూ పరాచికాలాడేవాడివి కాదట. అర్దళం పూసుకునేటప్పుడే మాట తగ్గిపోయేదట. ఇవాళ తెర వెనక కుర్రాళ్ళను చూశాను. మేకప్ వేసుకుంటూ, జుట్టు సర్దుకుంటూ, పిలుపు దగ్గరపడేకొద్దీ ఒక్కొక్కరూ మౌనంగా అయిపోయారు. వేషం అంటే ఆ పాత్రకు మనం ఇచ్చే మాట. కాసేపైనా ఆ మనిషిని చిన్నబుచ్చకుండా నిలబడాలి. నువ్వు ఊరి పందిట్లో చేసిందీ, ఈ పిల్లలు ఏసీ హాల్లో చేసిందీ ఆ పనే.

ఆడపిల్ల మగవేషం వేయడమేంటని మన బజార్లో కొందరు అన్నారు. వాళ్ళకు నువ్వే స్థానం నరసింహారావు గారి పేరు చెప్పి నోరు మూయించావు. బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకుని, తులాభారంలో సత్యభామగా తెలుగుదేశాన్ని ఊపేసిన మగవాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ నేల మీద పుట్టినదాన్ని, తంజిరో వేషానికి నేనెందుకు సంకోచించాలి? ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మగపిల్లలు ఆడపాత్రలు వేశారు, ఆడపిల్లలు మగపాత్రలు వేశారు. చూసేవాళ్ళు పాత్రనే చూశారు.

నీకు చూపించాల్సిన సినిమా ఒకటి ఉంది. జపాన్‌ నుంచి యుగో సాకో, మన రామ్‌మోహన్ కలిసి మరికొందరితో 1992లో పూర్తిచేసిన రామాయణం బొమ్మల సినిమా. ఈ జనవరిలో తెలుగులో కూడా విడుదలైంది. రాముణ్ణి జపాన్‌వాళ్ళు ఎంత భక్తిగా గీశారో చూస్తే, వాళ్ళ తంజిరోను నేను నెత్తిన పెట్టుకోవడం నీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు మాట. ఇన్ని వేషాలు చూశాక నాకు ఒక లోటు కనబడింది. కుట్టు గొప్పగా ఉంది, రంగులు గొప్పగా ఉన్నాయి, కానీ చాలామందికి వేదిక మీద నిలబడటం రాదు. గొంతు వెనక వరస దాకా వెళ్ళదు. చెయ్యి ఎత్తితే ఎక్కడ ఆపాలో తెలియదు. ఆ విద్య నీ దగ్గర ఉంది. మన పల్నాడులో, ప్రకాశంలో, తెనాలిలో నీలాంటి పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. నాటక పరిషత్తు పోటీలప్పుడు తప్ప వాళ్ళను ఎవరూ పిలవడం లేదు. వేషాలంటే ప్రాణమిచ్చే పిల్లలేమో చూసి నేర్చుకునే దిక్కులేక సెల్‌ఫోన్లో వెతుక్కుంటున్నారు. ఈ రెండు తరాలనూ ఒక అరుగు మీద కూర్చోబెట్టాలని ఉంది.

సంక్రాంతి సెలవుల్లో బడి ఆవరణలో ఒక పూట వేషాల పండగ పెడదాం. కృష్ణుడి వేషం కడతారో, నరూటో వేషం కడతారో పిల్లల ఇష్టం. షరతు ఒక్కటే, సొంతంగా చేసుకోవాలి. కుట్టు అమ్మ చూస్తుంది, బొమ్మలు తమ్ముడు గీస్తాడు. నిలబడటం, నడవటం, మాట విరవటం నువ్వు నేర్పాలి. జనం రారేమోనని బెంగపడకు. టోక్యోలో లక్షలమంది వెళ్ళే కామికెట్ 1975 డిసెంబర్‌లో మొదలైనప్పుడు వచ్చింది దాదాపు 700 మంది. రామాలయం ముందు నీ నాటకానికి అంతకన్నా ఎక్కువమందే కూర్చునేవారు గదా.

రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటా. ఈలోపు బడి హెడ్మాస్టరు గారితో నువ్వు ఒకసారి మాట్లాడి ఉంచు. నీ మాటైతే ఆయన కాదనరు.

నీ మనవరాలు