మా అల్లుడుగారి పడవలో జలపాతం

అమెరికా వెళ్ళివచ్చిన ప్రతివాడూ నయాగరా జలపాతాన్ని గురించి వ్రాస్తాడు. నేనూ జలపాతాన్ని గురించే వ్రాయబోతున్నాను. కాని అది కొండమీదినుంచి పడేది కాదు. మేరీలాండు రాష్ట్రంలో, అన్నాపొలిస్ అనే వూళ్ళో, మా అల్లుడుగారి పడవలో, మనవరాలి పక్కమీద పడేది!

అన్నాపొలిస్ చిన్న వూరే గాని చరిత్ర పెద్దది. 1783 నవంబరు నుంచి 1784 ఆగస్టు వరకు అమెరికా కాంగ్రెసు అక్కడే కొలువు తీరింది. వాషింగ్టన్ సేనాధిపత్యానికి రాజీనామా ఇచ్చింది అక్కడి శాసనసభా భవనంలోనే. 1845లో స్థాపించిన నౌకాదళ విద్యాలయమూ అక్కడ వున్నది. భవనం దగ్గరినుంచి ఇటుకల కాలిబాట పట్టుకొని పల్లానికి దిగితే నీళ్ళు వచ్చేస్తాయి. రెండువందల మైళ్ళ పొడవున్న చెసపీక్ అఖాతం నుంచి ఒక సన్నని పాయ వూరి నడిబొడ్డుకి వస్తుంది. డబ్బున్నవాళ్ళు సాయంకాలం తమ పడవలను అందులో చివరిదాకా తెచ్చి, పదిమందీ చూశాక వెనక్కి తిప్పుకొని పోతారు. దానికి వూరివాళ్ళు పెట్టిన ముద్దుపేరుకు అర్థం “అహంకారపు సందు”. మన పెళ్ళి వూరేగింపే అనుకోండి, బాజాలు లేవంతే.

ఎత్తుడు వంతెన దాటితే ఈస్ట్‌పోర్టు. 1998లో మరమ్మతుకని ఆ వంతెన మూసేస్తే, ఆ పేటవాళ్ళు తమది వేరే దేశమని వేళాకోళంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారట! మా అల్లుడుగారి పడవ వుండేది ఆ “దేశం”లోనే.

ముప్ఫైనాలుగు అడుగుల తెరచాప పడవ. ఆయనకంటె వయస్సులో రెండేళ్ళు పెద్దది. కారు కొనడానికి దాచిన డబ్బుపెట్టి కొన్నారు. మా అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, “నాన్నగారూ, ఈ నెలాఖరులోగా నీళ్ళు కారడం మానకపోతే పడవ అమ్మేస్తామని ఒప్పందం చేసుకున్నాం. మీరు మధ్యలో కలగజేసుకోకండి,” అన్నది. ముప్ఫై ఏళ్ళు పి.డబ్ల్యు.డి.లో ఓవర్సీరుగా పనిచేసి, ఎన్నో కారే కప్పులు చూసినవాణ్ణి. కలగజేసుకోకుండా ఎలా వుంటాను?

తెరచాప కొయ్య అంటాం గాని ఈ పడవలో అది కొయ్య కాదు, నలభై అడుగుల పైచిలుకు అల్యూమినియం గొట్టం. పైతట్టులో వున్న కంతగుండా లోపలి గదిలోకి దిగి, పడవ అడుగున ఒక దూలంమీద నిలబడుతుంది. గాలికి తెరచాప లాగుతుంటే అది కొద్దిగా కదులుతుంది. అందుకని కంతచుట్టూ రబ్బరు చీలలు బిగించి, పైన రబ్బరు తొడుగు వేస్తారు. చిన్నప్పుడు మా కాకినాడ దగ్గర తాళ్ళరేవులో, పలకల సందుల్లో నూలుపీచు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూయడం చూశాను. ఇదీ అంతేగదా అనుకున్నాను.

ఆ తొడుగుమీద పాత యజమాని సిలికోను పూశాడు. దానిమీద అల్లుడుగారు మరొక పూత పూశారు. సిలికోను పూసినచోట మరేదీ సరిగా అంటుకోదు సుమండీ! ఒక శనివారమల్లా ఇద్దరం కూర్చుని గీకాము. కొత్త తొడుగు వేసి, ఉక్కు పట్టీలతో బిగించి, పైతట్టంతా నీళ్ళగొట్టంతో తడిపాము. లోపల ఒక్క చుక్క లేదు! ఆ రాత్రి పడవలోనే పాయసం తాగి పడుకున్నాము.

రెండు గంటలకు ఉరుములతో వాన. “తాతయ్యా, మళ్ళీ!” అన్నది మనవరాలు.

అల్లుడుగారు మాట్లాడలేదు. దీపం వెలిగించి, తడిసిన పరుపు చుట్టి ఒక మూలకు పెట్టారు. ఆ మౌనం చూస్తే నాకు అమ్మాయి ఒప్పందం గుర్తుకు వచ్చింది.

కప్పు ఎక్కడ కారితే అక్కడే చిల్లు వుండదని మా కొత్త మేస్త్రీలకు నేనే చెప్పేవాణ్ణి. ముందు వేలు తడిపి రుచి చూశాను. ఆ అఖాతం నీరు అక్కడ కొంచెం ఉప్పగా వుంటుంది, ఇది చప్పగా వున్నది. అంటే వాననీరే, పడవ అడుగుకు చిల్లు లేదు. కంతకు కాస్త దిగువన కొయ్యచుట్టూ కాగితం చుట్టాము. ముందువైపు పొడిగానే వున్నది, వెనకవైపు తడిసింది. కొయ్య వీపున, తెరచాప అంచు పైకి జారడానికి నిలువునా ఒక గాడి వుంటుంది. తొడుగు ఎంత బిగించినా ఆ గాడిలోకి దూరదు. నీరు రాజమార్గాన లోపలికి వస్తున్నది! మేము తడిపింది పైతట్టును, వాన తడిపింది కొయ్యనంతా. తొడుగు ఎత్తులో గాడిని మెత్తని లప్పంతో పూడ్చాము.

మరునాటి వానకు కాగితం పొడిగానే వున్నది. కాని పరుపు అంచు తడిసింది!

ఈసారి నీరు కొయ్య లోపలినుంచి వస్తున్నది. శిఖరాన తాళ్ళు కప్పీలమీదుగా గొట్టంలోకి దిగేచోట కంతలుంటాయి. వాటిని మూస్తే తాళ్ళు ఆడవు, తాళ్ళు ఆడకపోతే తెరచాప లేవదు. అంచేత వాన గొట్టంలో పడక తప్పదు. అది బయటికి పోవడానికి కొయ్య అడుగున చిన్న కంత పెడతారని పక్కపడవ ముసలాయన చెప్పాడు. వెతికితే ఆ కంత దొరికింది, సిలికోనుతో మూసేసి! పాత యజమాని కారడం ఆపుదామనుకొని చేసిన ఘనకార్యం కాబోలు. నీరు గొట్టంలో నిలిచి, దీపాల తీగలు బయటికి వచ్చే కంతదాకా పెరిగి, అక్కడినుంచి పక్కమీదికి వస్తున్నది.

మేకుతో పొడిచేసరికి బక్కెట్టెడు నల్లనీళ్ళు భళ్ళున వచ్చాయి. కంపు చెప్పనలవి కాదు.

అప్పుడు అల్లుడుగారి ముఖం పాలిపోయింది. నీళ్ళలో నానిన దూలం కుళ్ళితే కొయ్య కుంగుతుంది. కొయ్య కుంగితే దాన్ని నిలబెట్టే ఉక్కుతాళ్ళు వదులవుతాయి. గాలిలో వుండగా అంత కొయ్యా విరిగి పడవచ్చు, పడవలో పిల్ల వుండగానే. ఇక అమ్మేద్దామా అన్నట్టు నావైపు చూశారు. స్క్రూడ్రైవరు తీసుకొని దూలాన్ని అంగుళం అంగుళం పొడిచి చూశాను. కొయ్య పాదం అంచున అల్యూమినియం తిని తెల్లని పొడి రాలుతున్నది. దూలం ఒక మూల వేలెడు మేర మెత్తబడింది. తక్కినదంతా టేకుదుంగ మోగినట్టు మోగింది. నాకు ఊపిరి వచ్చింది.

“మావయ్యగారూ, చలికాలంలో క్రేనుతో కొయ్య పైకెత్తించి ఆ మూల మార్పిస్తాను. అందాకా గాలి పెద్దదయితే బయటికి తీయను,” అన్నారు. అమ్మాయి విన్నది. సరేననలేదు, కాదనలేదు. పడవ అమ్మకానికని వ్రాసిపెట్టుకున్న కాగితం మడిచి లప్పం డబ్బా కింద పెట్టింది.

నేను తిరిగి వచ్చి ఆరు నెలలయింది. అక్కడ వాన పడినప్పుడల్లా మనవరాలు ఫోనులో కబురు పంపుతుంది. నిన్నటిది ఇది: “తాతయ్యా, పక్క పొడి. అడుగున చెంబెడు.”