అటక మీద విత్తనం

మాది పాడేరు మన్యంలో నలభై గడప ఉన్న కొండదొరల ఊరు. మేం నలుగురం తోబుట్టువులం. మాలో ఇద్దరు ఊళ్లోనే సాగు చేస్తున్నారు. ఒకరు ఆశ్రమ పాఠశాలలో పంతులు. అందరికన్నా పెద్దది, మేం అప్ప అని పిలిచే ఆమె, రెండు కొండల అవతల అత్తవారి ఊళ్లో ఉంది. మా చుట్టూ పాత ఇళ్లు ఒక్కొక్కటే పడగొట్టి స్లాబు ఇళ్లు కడుతున్నారు. మేం మాత్రం తాత కట్టిన మట్టి ఇంటిని బాగుచేసుకున్నాం. సంతలో కలిసిన ప్రతివాళ్లూ ఎందుకని అడిగారు. నిలబడి ఒక్క మాటలో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాం.

తాత ఈ ఇల్లు కట్టేనాటికి 1/70 చట్టం వచ్చి కొన్నేళ్లే అయింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చెప్పిన చట్టం అది. పల్లం మనదేనన్న ధైర్యం వచ్చాకే గడ్డి పాక తీసి పెద్దిల్లు కట్టానని తాత అనేవాడు. నడుమెత్తు రాతి పునాది. దాని మీద ఎర్రమట్టి గోడ. మట్టిలో గడ్డి ముక్కలు కలిపి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, మూరెడెత్తు వరస పెట్టేవారు. అది ఆరాకే పై వరస. గోడలు లేవడానికే రెండు నెలలు పట్టింది. నడుమ నిట్టాడు, దాని మీద దూలం, పైన పెంకు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే పెద్దవాళ్లు తల వంచి లోపలికి రావాలి. వానజల్లు గోడకు తగలకూడదని అలా దించారు. వంటింటి మీద, సరిగ్గా పొయ్యికి పైన, వెదురు బద్దల అటక. ఈ ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు అదే.

మా సాగు మూడు మెట్లుగా ఉంటుంది. గెడ్డ పక్కన పల్లంలో వరి. దాని పైన గరువులో చోళ్లు, సామలు, వలిసెలు. ఇంకా పైన వాలులో మొక్కజొన్న, కంది, కొండచిక్కుడు, పసుపు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లనే పట్టుకుని పాకే మిరియం. ఏడాదికోసారి చేతికి నాలుగు డబ్బులు ఇచ్చేది కాఫీ. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా పిల్లల ఫీజులు, ఈ ఇంటి పెంకులు ఆ డబ్బే. కానీ కాఫీ మొక్క నర్సరీ నుంచి వస్తుంది. మిగతా పంటల విత్తనం మా అటక మీద నుంచే రావాలి.

చోళ్లకు పెద్ద బాధ లేదు. బాగా ఎండబెట్టి దాస్తే ఏళ్లు గడిచినా పురుగు పట్టదు. కరువు రోజుల్లో మనల్ని నిలబెట్టింది ఆ గుణమే. చిక్కుళ్లు, కందులు, మొక్కజొన్న అలా కాదు. రెండు నెలలు గాలికి వదిలితే పుచ్చిపోతాయి. అందుకే మొక్కజొన్న కంకుల్ని పొట్టు వెనక్కి తీసి, జంటలుగా కట్టి, పొయ్యి పైన వాసాలకు వేలాడదీస్తారు. చిక్కుడు గింజల్ని బూడిదలో కలిపి ఆనపబుర్రలో పోసి, మూతికి పేడ మెత్తి అటక మీద పెడతారు. బూడిద గింజకూ గింజకూ మధ్య చేరి పురుగును కదలనివ్వదు. కింద నుంచి పొగ, వెచ్చదనం అందుతూ ఉంటాయి. మన్యంలో వాన నెలల్లో గుడ్డలే ఆరవు. అలాంటి తడిలో గింజ బతికేది ఆ పొయ్యి వల్లే.

మా ఇంట్లో జరిగిన ప్రతి మంచీ చెడూ ఆ విత్తనంతో ముడిపడే ఉన్నాయి. ఏ పంటైనా కొత్త తినే ముందు పొయ్యి మూల పెద్దలకు పెట్టాల్సిందే. చైత్రంలో ఇటుకల పండగకు ప్రతి గడప నుంచీ దోసెడు విత్తనం శంకుదేవుడి దగ్గరికి వెళ్తుంది. పూజ అయ్యాక పంచుకుని తెచ్చుకున్న గింజలే మా ఊళ్లో మొదట నేలలో పడతాయి. ఆడపిల్ల అత్తింటికి వెళ్లేటప్పుడు మామ్మ అటక ఎక్కి, ఇంట్లో ఉన్న ప్రతి రకం నుంచీ పిడికెడు తీసి, గుడ్డలో మూటకట్టి ఇచ్చేది. అప్ప పెళ్లికి అమ్మ కట్టింది. అప్పుడు మేం చిన్నవాళ్లం. చీరలు, గిన్నెల పక్కన ఆ మూట ఎందుకో మాకు అర్థమయ్యే వయసు కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖలో తీరం దాటిన గాలి కొండల మీదికి ఎక్కొచ్చింది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్‌లు వేళ్లతో సహా పడిపోయాయి. మా ఇంటి పడమటి వైపు పెంకు మొత్తం లేచిపోయింది. అటక మీదికి రాత్రంతా వాన. తెల్లారి చూస్తే బుర్రలు పగిలి, బూడిద బురదై, గింజలు ఉబ్బి ఉన్నాయి. వారం తిరిగేసరికి మొలకలు వచ్చి కుళ్లిపోయాయి. వరి విత్తనం పక్క ఊళ్లో దొరికింది. మొక్కజొన్న సంతలో దొరికింది. ఎర్రచారల కొండచిక్కుడు మాత్రం ఎక్కడా దొరకలేదు. మొక్కజొన్న కర్రనే పట్టుకుని పాకి, చలికి తట్టుకుని, ఒకే నీటికి ఉడికే రకం అది. అయ్య మూడు సంతలు తిరిగి ఖాళీ చేతులతో వచ్చాడు.

సంక్రాంతికి అప్ప వచ్చింది. కొంగు ముడి విప్పి అమ్మ ముందు పోసింది. ఎర్రచారల గింజలు. ఇరవై రెండేళ్ల కిందట పెళ్లి మూటలో వెళ్లిన విత్తనం, అక్కడ ఏటా పండి, ఏటా అక్కడి అటక ఎక్కి, మళ్లీ పుట్టింటికి వచ్చింది. అమ్మ మాట్లాడలేదు. గింజల్ని చేటలో పోసి ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది. ఆడపిల్లకు మూట ఎందుకిస్తారో మా నలుగురికీ ఆ రోజు తెలిసింది. ఒక ఇంటి విత్తనం ఒక్క ఇంట్లోనే ఉంటే ఒక్క గాలికి పోతుంది.

ఎగిరిన పెంకు స్థానంలో అయ్య సిమెంటు రేకులు వేయించాడు. అప్పుడు చేతిలో ఉన్న డబ్బుకు అవే వచ్చాయి. రేకుల చూరు పొట్టి. పదేళ్లు వానజల్లు కొట్టి పడమటి గోడ కింది వరసలు కరిగిపోయాయి. చలికాలం తెల్లవారుజామున రేకుల కింద చెమ్మ పట్టి, చుక్కలు అటక మీద పడేవి. అయ్య పోయిన ఏడాది దూలం ఒక కొస చెదలు తినేసిందని తేలింది. అప్పటికే అమ్మకు దగ్గు పట్టుకుంది. పొయ్యి పొగకు దూరంగా ఉంచమని డాక్టరు గట్టిగా చెప్పారు. ఏ పొగ గింజను కాపాడుతుందో ఆ పొగే అమ్మ ఊపిరి తీస్తోంది.

ఇల్లు ఏం చేయాలన్న దగ్గర మా నలుగురికీ మాట కలవలేదు. చిన్నవాడు స్లాబు ఇల్లు కావాలన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. కాఫీ పండు తోలు తీసి కడిగాక గింజల్ని రోజుల తరబడి ఎండబెట్టాలి. నేల మీద టార్పాలిన్ వేస్తే కోళ్లు, మేకలు, మంచు. స్లాబు ఉంటే మీద ఆరబోసుకోవచ్చు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు, మరుగుదొడ్డి లేని ఇంట్లో ఎన్నాళ్లు? ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద కొండ ప్రాంతాలకు కేంద్రం పెట్టిన లెక్క 1,30,000 రూపాయలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, వంట చోటు అందులోనే. మా నట్టిల్లూ వంటిల్లూ కలిపితేనే అంత. ఆ డబ్బు కొత్త ఇంటికే గానీ పాత ఇల్లు బాగుచేయడానికి రాదు.

పంతులుగా ఉన్నవాడు పాతది పడగొట్టి ఆ చోటే కడదామన్నాడు. పెరడు చిన్నది మరి. అప్ప ఊరుకోలేదు. తన ఊళ్లో స్లాబు ఇళ్లకు మారిన నాలుగు కుటుంబాల సంగతి చెప్పింది. గ్యాసు పొయ్యి వచ్చింది, పొగ పోయింది, ఆడవాళ్ల కళ్లు బాగుపడ్డాయి. కాని విత్తనాన్ని గోనెసంచిలో కట్టి సిమెంటు గచ్చు మీద పెట్టారు. మొదటి వానకాలానికే బూజు. రెండో ఏడాది నుంచి విత్తనం కొంటున్నారు. ఇప్పుడు ఆ ఇళ్లవాళ్లు అప్ప దగ్గరికే అడగడానికి వస్తున్నారు.

అమ్మ అన్నీ విని చివర్న ఒక మాట అంది. "ఇల్లు పడితే మళ్లీ కట్టుకుంతారు. గింజ పోతే ఎక్కడినించి తెత్తారు?"

దాంతో దారి తేలింది. వెనక మేకల సాల తీసేసి ఆ చోట చిన్నవాడి పేరున, వదిన పేరున కొత్త స్లాబు ఇల్లు, మరుగుదొడ్డి. ముందు పాత ఇల్లు పాతదిగానే ఉంటుంది. దాని ఖర్చు కాఫీ, మిరియం డబ్బులోంచి నలుగురం పెట్టుకోవాలి.

కాఫీ అమ్మాక మాఘంలో పని మొదలుపెట్టాం. చైత్రం లోపల కప్పు పడాలి, ఇటుకల పండగ అయితే ఇక ఎవరి సాగు వారిది. ముందు అటక దించాం. పదమూడు రకాల విత్తనం లెక్క తేలింది. వాటిని పక్కింటి అటక మీదికి చేర్చాకే గోడ ముట్టుకున్నాం. సిమెంటు రేకుల్ని పగలగొట్టకుండా, నీళ్లు చల్లి తడిపి, నిండు రేకులుగానే దించాం. విరిగితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పెంకు కొత్తది దొరకడం కష్టమైంది. తమ ఇళ్లు పడగొట్టుకున్నవాళ్ల పెరళ్లలో గుట్టలుగా పడి ఉన్న పాత పెంకే ఏరి కొన్నాం. నాచు గీకి కడిగితే నిక్షేపంగా ఉంది. దూలానికి మా పెరటి పనస చెట్టు కొట్టాం. హుద్‌హుద్‌కు పడిన సిల్వర్ ఓక్ పలకలు మేకల సాలలో మిగిలి ఉంటే కిటికీ తలుపులు చేయించాం.

పడమటి గోడను పునాది దాకా తీసేసి వరసవరసగా మళ్లీ పెట్టాం. కొత్త ఇంటికి వచ్చిన మేస్త్రి సిమెంటు పూత పూయమన్నాడు, కలకాలం ఉంటుందన్నాడు. ఊళ్లో ముసలివాళ్లు వద్దన్నారు. మట్టిగోడ తడి పీల్చుకుంటుంది, వదులుతుంది. పైన సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కి, రెండు మూడేళ్లలో పూత పెచ్చులూడుతుంది, దాని వెనక గోడ మెత్తబడి ఉంటుంది. అలాంటి గోడలు మా ఊళ్లోనే రెండు చూశాం. అందుకే ఎర్రమట్టి, పేడ కలిపిన పూతే పూశాం. పైన జేగురు, కింద తెల్లమట్టి పట్టీ ఆడవాళ్లు తీర్చారు. అమ్మ పడుకునే ముందు గదికి మాత్రం గచ్చు చేయించాం, పేడ అలకడానికి వంగే ఓపిక ఆమెకిప్పుడు లేదు.

అసలు చిక్కు పొగ దగ్గర. పొయ్యి తీస్తే అటక చస్తుంది, ఉంచితే అమ్మకు ప్రమాదం. వదినలు ఒక ఉపాయం చెప్పారు. వంటింటికీ అమ్మ గదికీ మధ్య గోడ సగమే ఉండేది, దాన్ని కప్పు దాకా లేపించారు. వంటింటికి తూర్పున కిటికీ పెట్టించారు. అటక పైన, మొగరం కింద రెండు వైపులా వెదురు తడికెతో సందు వదిలారు. ఇప్పుడు పొగ నేరుగా పైకి వెళ్లి, అటకను తాకి, సందులోంచి బయటికి పోతుంది. రోజూ వంట గ్యాసు మీద. పొయ్యి మీద అంబలి, పశువుల కుడితి, స్నానాల నీళ్లు. వాన నెలల్లో పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా రాజేస్తాం. అమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వం. ఆమె అరుగు మీద నుంచి ఆరా తీస్తూనే ఉంటుంది.

ఆశ్వయుజంలో బుర్రలు విప్పాం. పదమూడింటిలో పదకొండు రకాలు శుభ్రంగా ఉన్నాయి. రెండు రకాల అలసందలు కొంచెం పుచ్చాయి, వాటిని మళ్లీ ఎండబెట్టి బూడిద కలిపాం. అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు, కానీ రాత్రి నిద్ర పడుతోంది. చిన్నవాడి స్లాబు మీద ఈ ఏడాది ముగ్గురి కాఫీ ఎండింది. మాలో ఎవరూ ఓడిపోలేదు.

మొన్న మాఘంలో మా పెద్దవాడి కూతురి పెళ్లి ఈ ఇంటి ముందే జరిగింది. నర్సు చదివింది, విశాఖలో ఉద్యోగం. అల్లుడిదీ అక్కడే పని. వాళ్లుండేది మూడో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. పొయ్యి లేదు, అటక లేదు, చేరెడు నేల లేదు. అమ్మ ఎక్కలేదు కాబట్టి పిల్లే నిచ్చెన వేసుకుని అటకెక్కింది. పదమూడు రకాల పేర్లూ అడిగి, ఒక్కో దాంట్లోంచి పిడికెడు తీసి, వేర్వేరు పొట్లాలు కట్టి, మీద పేర్లు రాసుకుంది. వాటిని ఊళ్లో తన అత్తకు ఇచ్చి, పంటకు ఇంటికి వస్తానని చెప్పింది. ఆ అత్తగారిదీ పాత పెంకుటిల్లే. దాన్ని పడగొట్టే ఆలోచనలో ఉన్నారని తెలిసి, మావాళ్లు వెళ్లి ఒకసారి అటక చూసి వచ్చారు.

కొత్త ఇల్లు వద్దని మేం ఎవరికీ చెప్పం. మరుగుదొడ్డి కావాలి, పొగలేని గది కావాలి, కాఫీ ఎండడానికి చోటు కావాలి. పాతదాని మీద గునపం వేసే ముందు నిచ్చెన వేసుకుని ఒకసారి అటకెక్కండి. అక్కడ ఏముందో లెక్క రాయండి. అది కొత్త ఇంట్లో ఎక్కడ బతుకుతుందో తేల్చుకున్నాక పునాది తీయండి. స్లాబు ఇంటి పక్కన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద నాలుగు వెదురు బద్దలు, పైన పాత పెంకు ఉన్నా చాలు. ఒక పిడికెడు మాత్రం కూతురి చేతికో, అక్క చేతికో ఇచ్చి ఉంచండి.