సరమ శాపం

భారతం మొదట్లో ఒక కుక్క, చివర ఒక కుక్క కనిపిస్తాయి. ఆదిపర్వంలో సరమ అనే దేవశునకం కొడుకును జనమేజయుని తమ్ముళ్ళు నిష్కారణంగా కొడతారు. మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. ఈ ఘట్టాన్ని ముప్పై యేళ్ళు పిల్లలకు బోధించాను. కాని ఆ ధర్మరాజు యుద్ధం చేసి వచ్చిన మనిషి అన్న సంగతి, మా అబ్బాయి చూపించిన రెండు అమెరికా చిత్రాల వల్లనే నా మనసుకెక్కింది.

మొదటిది 2017లో వచ్చిన ‘మేగన్ లీవీ’, యథార్థ గాథ. ఇరాక్‌లో పేలుడు పదార్థాలను పసిగట్టే రెక్స్ అనే జాగిలాన్ని నడిపిన యువతి కథ. 2006లో బాంబు పేలి ఇద్దరూ గాయపడ్డారు. కొలువు విడిచాక రెక్స్‌ను పెంచుకుంటానంటే, అది ఇళ్ళలో ఉంచదగినది కాదన్నారు. ఆమె పట్టు విడువక 2012లో దానిని తెచ్చుకుంది. ఆ యేడాది చివరనే అది కన్నుమూసింది. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు పెట్టిన అభ్యంతరం వంటిదే ఇదీ.

రెండవది 2022 నాటి ‘డాగ్’. మరణించిన సహచరుని అంత్యక్రియలకు అతని జాగిలం లూలూను కారులో తీసుకుపోయే మాజీ సైనికుని కథ. తలకు తగిలిన గాయం ఇతణ్ణి బాధిస్తూనే ఉంటుంది, అయినా మళ్ళీ యుద్ధానికే పోవాలంటాడు. కుక్క బెదిరితే జాలిపడతాం, మగవాడు బెదిరితే పిరికి అంటాం. అందుకే కాబోలు, మనిషి చెప్పుకోలేని వేదనను ఈ చిత్రాలు కుక్క చేత చెప్పిస్తాయి.

అయితే ఒక వెలితి ఉన్నది. ఒక హోటల్లో లూలూ ముస్లిం వేషధారణలో ఉన్న నిరపరాధి మీదికి దూకుతుంది. దానికి ద్వేషం తెలియదు, నేర్పిన విద్య తెలుసు. నేర్పిన వారిని మాత్రం కథ నిలదీయదు. రెక్స్ వాసన చూసిన వీధులలో కాపురమున్న ఇరాకీల దుఃఖానికీ చోటు తక్కువే.

నిరపరాధులను బాధించిన వారికి అనుకోని భయాలు కలుగుతాయని సరమ హెచ్చరించింది. ఈ చిత్రాలు చూశాక నాకు తోచినదొకటే: ఆ భయాలు యుద్ధానికి పంపిన వారికి రాలేదు, పంపితే వెళ్ళిన వారికి వచ్చాయి.

సైన్యం నుండి తిరిగి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు మా వీధిలోనే ఉంటాడు. దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరి వీధికుక్క మా అరుగు కింద దూరితే అందరమూ అయ్యో అన్నాము. అదే రాత్రి తలుపులు బిగించుకునే అతణ్ణి ఎవరమూ పలకరించలేదు. గురువునైన నేనూ పలకరించలేదు.

మొన్న వెళ్ళాను. “బాగానే ఉన్నానండీ మాస్టారూ” అన్నాడు. సరేనని లేచి రాకుండా, మరికొంతసేపు అక్కడే కూర్చున్నాను.