కోసి చూడు, అయస్కాంతం తిప్పు

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద దూరడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లు. నా దగ్గర పనికి చేరిన కుర్రాడి చేతిలో మొదటిరోజు నేను పెట్టేది స్పానరు కాదు, వాడేసిన ఆయిల్ ఫిల్టరు. "కోసుకురా" అంటాను.

నా మొదటి తప్పు ఆ కోయడంలోనే జరిగింది. ఓ కమ్మిన్స్ ఇంజను ఫిల్టరుని హాక్సా బ్లేడుతో కోశాను. మడతల్లో తళతళా రజను. "బేరింగులు పోయాయండీ, ఇంజను దించాల్సిందే" అనేశాను. ఓనరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. మా మేస్త్రి వచ్చి అయస్కాంతం తిప్పారు. రజనంతా దానికి అంటుకుంది. "బేరింగు షెల్లు పైపూత రాగి, సీసం లాంటిదిరా, అయస్కాంతానికి రాదు. ఇది నువ్వు కోసిన డబ్బా పొట్టు" అన్నారు. అప్పట్నుంచి రజను రాలని చక్రం కట్టరుతోనే కోస్తున్నాను.

కోశాక కాగితాన్ని బయటికి లాగి పరిచి చూడు. నాసిరకంలో మడతలు తక్కువ, ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా ఉంటాయి. అతుకు దగ్గర జిగురు వీడుతుంది. కాగితం తక్కువైతే మసితో తొందరగా మూసుకుపోతుంది. అప్పుడు బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిలే బేరింగులకు పోతుంది. మురికి ఆయిలైనా పోవడం మేలే, అసలు అందకపోతే ఇంజను పట్టేస్తుంది. కానీ స్ప్రింగు బలహీనమైతే ఆ వాల్వు ముందే తెరుచుకుంటుంది. కొత్త ఫిల్టరేశామని మనం మురిసిపోతుంటాం!

జల్లెడ ఎంత సన్నమైతే అంత మంచిదంటారు డ్రైవర్లు. సన్నటి కాగితం మురికి పట్టేది తక్కువ, త్వరగా మూసుకుపోతుంది. డబ్బా మీద "20 మైక్రాన్లు" అని ఒక్కటే రాసి ఉంటే నమ్మకు. ఆ సైజు మురికిలో నూటికి ఎంత ఆపుతుందో అడుగు. ఆయిల్ ఎక్కువ కిలోమీటర్లు నడపాలంటే గాజునార రకం కొను, ధర ఎక్కువైనా సన్నటి మురికినీ ఆపుతుంది, ఎక్కువా పట్టుకుంటుంది. తరచూ మార్చే బండికి మంచి కాగితం చాలు.

మర కుదిరిందని బిగించెయ్యకు. ఓసారి అలాగే బిగించాను. ఆ ఇంజనుకి బైపాస్ వాల్వు ఫిల్టరులోనే ఉండాలి. నేను వేసినదాంట్లో లేదు. చలి తెల్లవారుజామున చిక్కటి ఆయిల్ తోపుడికి లోపలి కాగితం నలిగి ముద్దయింది, టర్బో పోయింది. కొత్తది నా డబ్బుతోనే వేయించాను. పార్టు నంబరు చూడటానికి నిమిషం పట్టేది కాదు.

బిగించేముందు పాత రబ్బరు వాచరు హెడ్డుకి అంటుకుని ఉందేమో వేలితో తడుము. రెండు వాచర్లు పడితే ఆయిలంతా రోడ్డు పాలే. కొత్త వాచరుకి ఆయిల్ రాసి, ఆనాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పు. పట్టా స్పానరు విప్పడానికే. ముందే ఆయిల్ నింపమని మాన్యువల్లో ఉంటే చుట్టూ ఉన్న చిన్న చిల్లుల్లోంచే పొయ్యి. మధ్య రంధ్రంలో పోస్తే అది వడకట్టకుండా నేరుగా లోపలికి పోతుంది.

ఈ ఉదయం కొత్త కుర్రాడు ఓ ఫిల్టరు కోసి, నేను చెప్పకుండానే అయస్కాంతం తెచ్చాడు. మడతల్లో రాగిరంగు మెరుపు. ఎన్నిసార్లు తిప్పినా అంటలేదు. ఓనరుకి ఫోను చేశాను, లోడు దించి తెస్తానన్నాడు. సంపు విప్పడానికి ట్రే సిద్ధం చేయించాను.